ఒకరు కాదు, ఇద్దరు

మా ఇంట్లో ఇప్పటికీ "పోర్టు ట్రస్టు" అనే అంటాం. గేటు దగ్గర బోర్డు మారి చాలా రోజులైంది. నా పింఛను కాగితాల మీద కూడా "విశాఖపట్నం పోర్టు అథారిటీ" అనే వస్తోంది. నోటికి మాత్రం పాత పేరే వస్తుంది. మా నాన్నకైతే అది ట్రస్టు కూడా కాదు, హార్బరు. "హార్బరుకెళ్లొస్తాను" అనే బయల్దేరేవారు. ఆయన కలాసీ. 1985లో ఉద్యోగంలో ఉండగానే పోయారు. ఆ ఏడాదే నాకు టైపిస్టుగా ఉద్యోగం ఇచ్చారు. ముప్పై నాలుగేళ్లు చేసి, 2019లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను.

మొన్న మా మనవరాలు ఇంటర్ సివిక్స్ పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మమ్మా, బిల్లు చట్టం ఎలా అవుతుందో చెప్పవా, ఐదు మార్కుల ప్రశ్న" అంది. ఐదు మార్కులకి సరిపడా చెప్పి పంపించాను. అది వెళ్లాక మనసు ఊరుకోలేదు. ఒక బిల్లు వెంట నేను ఐదేళ్లు నడిచాను, ఆ సంగతే దానికి చెప్పలేదే అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

మన రేవుకి మొదటి ఓడ జలదుర్గ 1933 అక్టోబరు 7న వచ్చింది. ఆ డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించారు. ట్రస్టు అయింది 1964లో. దానికి ఆధారం 1963 నాటి మేజర్ పోర్టు ట్రస్టుల చట్టం. బోర్డులో ఎవరెవరు కూర్చోవాలి, ఎవరికెంత అధికారం, భూములు ఎవరి చేతిలో ఉంటాయి, అన్నీ అందులోనే. మా బతుకులన్నీ ఆ చట్టం మీదే నిలబడి ఉండేవి గానీ, దాన్ని చదివినవాళ్లు మా సెక్షన్‌లో ఇద్దరో ముగ్గురో.

2016 డిసెంబరులో ఆ చట్టాన్ని తీసేసి కొత్తది తేవడానికి లోక్‌సభలో బిల్లు పెట్టారు. బిల్లు పెట్టడం అంటే పెద్ద తతంగమేమీ ఉండదు. మంత్రి లేచి అనుమతి అడుగుతారు, సభ సరే అంటుంది. పట్టుమని రెండు నిమిషాలు. దీన్నే పుస్తకాల్లో మొదటి పఠనం అంటారు. పేరుకి పఠనమే గానీ అక్కడ ఎవరూ ఏదీ చదవరు. అయితే ఆ రెండు నిమిషాలయ్యాకే బిల్లు మామూలు మనుషుల చేతికి వస్తుంది. అచ్చులో ఉంటుంది, ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరైనా అభిప్రాయం రాసి పంపొచ్చు. ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఉద్యోగంలో చేరి ముప్పై ఏళ్లు దాటాక తెలిసింది.

ఒక సాయంత్రం ఆఫీసు వదిలాక మా కార్మిక సంఘం వాళ్లు పిలిచారు. "అమ్మా, ఢిల్లీలో కమిటీకి కాగితం పంపాలి. నువ్వైతే తప్పుల్లేకుండా కొడతావు" అన్నారు. అప్పటికి ఆ బిల్లుని రవాణా, పర్యాటక, సాంస్కృతిక శాఖల పార్లమెంటరీ స్థాయీ సంఘానికి పంపారు. ఇలాంటి సంఘంలో 31 మంది ఉంటారు, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. అధికార పక్షం, ప్రతిపక్షం అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. అక్కడ కెమెరాలుండవు. అధికారుల్ని పిలిచి అడుగుతారు, కార్మిక సంఘాల్ని పిలిచి వింటారు.

మా కార్మిక సంఘం గదిలో ట్యూబులైటు కింద ఆ బిల్లు కాపీ నా ముందు పెట్టారు. టైపిస్టుగా చేరినవాళ్లకి ఒక అలవాటు జీవితాంతం పోదు. కాగితంలో అర్థం కంటే ముందు మాట కనిపిస్తుంది. బోర్డు కూర్పు చెప్పే క్లాజులో ఉద్యోగుల తరఫు సభ్యుల దగ్గరికి వచ్చేసరికి "వన్" అని ఉంది. పాత బోర్డులో కార్మికుల తరఫున ఇద్దరుండేవారు. కొత్తదాంట్లో ఒకరు.

ఒకరికీ ఇద్దరికీ తేడా ఏముంది అని బయటివాళ్లకి అనిపించవచ్చు. రేవులో పని అంటే ఒక రకం కాదు. ఓడ దగ్గర పనివాళ్ల కష్టం వేరు, వర్క్‌షాపు వాళ్లది వేరు, మా గుమస్తాలది వేరు. ఒక్కరే ఉంటే, ఆయనకి జ్వరం వచ్చిన రోజున ఆ గదిలో మా గొంతే ఉండదు. మిగతా కుర్చీలన్నీ అధికారులవో ప్రభుత్వం వేసినవారివో అయినప్పుడు, ఒంటిగా కూర్చున్న మనిషి ఎంతసేపని వాదిస్తాడు? పక్కన ఇంకొకరుంటే ఒకరి మాటకి ఒకరు సాక్షి. ఇదంతా ఇంగ్లీషులో పెట్టి నాలుగు పేజీలు కొట్టాను. "వన్" అన్న మాట బదులు "టూ" అని పెట్టాలని కోరాం. ఆ వాక్యం కింద గీత గీయమన్నారు, గీశాను.

2017లో కమిటీ నివేదిక ఇచ్చింది. 2018 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం బిల్లుకి సవరణలు ఒప్పుకుంది. పేపర్లో చిన్న వార్త. ఉద్యోగుల ప్రతినిధులు ఒకరి నుంచి ఇద్దరికి పెరుగుతారని, స్వతంత్ర సభ్యులు కనీసం ఇద్దరు, గరిష్ఠంగా నలుగురని రాశారు. ఆ పేపరు ఆఫీసుకి పట్టుకెళ్లి అందరికీ చూపించాను. మా కాగితం వల్లే అయిందని నేననను. దేశంలో ఉన్న అన్ని పెద్ద రేవుల నుంచీ ఇలాంటి కాగితాలే వెళ్లుంటాయి. కానీ నా వేళ్ల కింద పడిన మాట ఒకటి ఢిల్లీలో ఒక బల్ల మీదకి చేరిందన్న తృప్తి, ముప్పై నాలుగేళ్ల నౌకరీలో నాకు దక్కిన వాటిల్లో పెద్దది.

బిల్లు చరిత్ర అంతా సభలో జరిగే చర్చే అనుకుంటాం. టీవీలో కనిపించేది అదే కాబట్టి. నా అనుభవంలో మాట మారింది కమిటీలో. అందుకే ఏ బిల్లు అయినా కమిటీకి వెళ్లకుండా నేరుగా ఓటింగ్‌కి వచ్చిందని వింటే నాకు మనసులో బాధగా ఉంటుంది, అది మంచి బిల్లయినా సరే. వినాల్సిన వాళ్లని వినకుండానే బండి కదిలిపోయినట్టు ఉంటుంది.

ఆ తర్వాత మేం ఊహించనిది జరిగింది. 2019లో లోక్‌సభ గడువు తీరి రద్దయింది. లోక్‌సభలో ఉన్న బిల్లు లోక్‌సభతోనే మురిగిపోతుంది. అదే రాజ్యసభలో పుట్టి, ఇంకా లోక్‌సభకి వెళ్లని బిల్లయితే బతికే ఉంటుంది. ఎందుకంటే పెద్దల సభ ఎప్పుడూ రద్దు కాదు, రెండేళ్లకోసారి మూడో వంతు సభ్యులు దిగిపోయి కొత్తవాళ్లొస్తారు, అంతే. మాది లోక్‌సభలో పెట్టిన బిల్లు. రెండున్నరేళ్ల శ్రమ ఒక్క రోజులో పోయింది. అదే ఏడాది నేనూ రిటైరయ్యాను. "టూ" అన్న మాట మళ్లీ వస్తుందో రాదో అన్న బెంగతోనే బయటికొచ్చాను.

మధ్యలో మన ఊరికి ఇంకో బిల్లు వచ్చిపడింది, మూడు రాజధానుల బిల్లు. 2020 జనవరి 20, రాత్రి. మా అల్లుడు ఫోన్ చేశాడు. "అత్తయ్యా, అసెంబ్లీలో బిల్లు పాసైపోయింది, వైజాగ్ రాజధాని అయిపోయింది. భీమిలి రోడ్డులో ఒక స్థలం చూశాను, రేపే అడ్వాన్సు ఇచ్చేద్దామనుకుంటున్నాను" అన్నాడు.

"బాబూ, పాసైంది ఒక సభలోనే. ఇంకా శాసనమండలి ఉంది. గవర్నరుగారున్నారు. గెజిట్‌లో పడేదాకా ఆగండి" అన్నాను.

"మెజారిటీ వాళ్లదే కదా అత్తయ్యా, ఇంకేం ఆగుతుంది?"

"మెజారిటీ శాసనసభలో. మండలి లెక్క వేరు."

రాజధాని విశాఖలో ఉండాలా అమరావతిలో ఉండాలా అన్న దాని మీద ఇక్కడ నేనేమీ మాట్లాడను. ఆ రాత్రి మా అల్లుడికి అర్థం కానిదీ, ఆ వారం ఊరంతటికీ అర్థం కానిదీ దారి గురించి. రెండు రోజులకి, జనవరి 22న, మండలి ఛైర్మన్ షరీఫ్ గారు ఆ బిల్లుని, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్డీఏ) రద్దు బిల్లుని సెలెక్ట్ కమిటీకి, అంటే సభ్యులతో వేసే పరిశీలన సంఘానికి, పంపుతున్నట్టు ప్రకటించారు. 27న శాసనసభ, మండలినే రద్దు చేయాలని తీర్మానం చేసింది. అయితే తీర్మానంతో మండలి పోదు. రాజ్యాంగం 169వ అధికరణ ప్రకారం దాన్ని తీసేయాలన్నా పెట్టాలన్నా పార్లమెంటు చట్టం చేయాలి. 1985లో మండలి పోయింది, 2007లో మళ్లీ వచ్చింది. రెండుసార్లూ ఢిల్లీ నుంచే.

మన రాష్ట్రంలో మండలికి బిల్లుని పూర్తిగా అడ్డుకునే బలం లేదు, కొన్నాళ్లు ఆపే బలం ఉంది. ఇది 197వ అధికరణలో ఉంటుంది. శాసనసభ పంపిన మామూలు బిల్లుని మండలి కాదన్నా, ఒప్పుకోలేని సవరణలు చేసినా, మూడు నెలలు దాటినా, శాసనసభ దాన్ని మళ్లీ ఆమోదించి పంపొచ్చు. రెండోసారి మండలికి ఉండే గడువు ఒక్క నెల. ఆ నెల దాటితే రెండు సభలూ ఆమోదించినట్టే లెక్క. డబ్బు బిల్లయితే మొత్తం కలిపి పద్నాలుగు రోజులే. రాజధాని బిల్లులు నడిచింది ఆ మామూలు బిల్లు దారే. జూన్ 16న శాసనసభ రెండోసారి ఆమోదించింది, 17న మండలి ఆ బిల్లులు చేపట్టకుండానే నిరవధికంగా వాయిదా పడింది, నెల గడిచాక జులై 31న గవర్నర్ విశ్వభూషణ్ హరిచందన్ ఆమోదముద్ర వేశారు.

జనవరి 20 నుంచి జులై 31 దాకా. మా అల్లుడు ఆ ఆర్నెల్లూ ప్రతి వారం ఫోన్ చేసేవాడు, "అత్తయ్యా, ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చింది?" అని. ఆ టెన్షన్‌లోనే రాజ్యాంగం నేర్చుకున్నాడు. ఆ తర్వాత విషయం హైకోర్టుకి వెళ్లింది. 2021 నవంబరు 22న ఆ చట్టాలు రెండింటినీ వెనక్కి తీసుకుంటూ సభలో ఇంకో బిల్లు పెట్టారు. ఒక చట్టాన్ని చెరిపేయాలన్నా ఇంకో బిల్లు అదే దారిలో మొదటి మెట్టు నుంచీ నడవాలి. ఆ మర్నాడు మండలి రద్దు తీర్మానాన్నీ ఉపసంహరించుకున్నారు. స్థలం సంగతి అడుగుతారేమో, మా అల్లుడు అడ్వాన్సు ఇవ్వలేదు.

మండలి దండగ అనేవాళ్లని చాలామందిని చూశాను. నేను ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్యలో బీఏ చేశాను, పట్టభద్రుల నియోజకవర్గంలో నాకు ఓటుంది. బారెడు బ్యాలెట్ కాగితం ఇస్తారు, వాళ్లిచ్చిన ఊదారంగు పెన్నుతో పేర్ల పక్కన ఒకటి, రెండు అని అంకెలు వేయాలి. టిక్కు పెడితే ఓటు చెల్లదు. లైన్లో నా ముందున్నవాళ్లకి ఇది చెప్పి చెప్పి గొంతు పోతుంది. ఆ ఓటు వేసినదాన్ని కాబట్టి ఆ సభ మీద నాకు మమకారం ఉంది. నాలుగు నెలల ఆలస్యం చిన్న విషయమేమీ కాదు. రాత్రి పాసైన బిల్లుని పొద్దున్న జనం చదివి, మాట్లాడుకుని, పోట్లాడుకోవడానికి ఆ నాలుగు నెలలే దక్కుతాయి.

ఢిల్లీలో రాజ్యసభ బలం ఇంకా ఎక్కువ. మామూలు బిల్లుని అది గట్టిగా కాదంటే లోక్‌సభ ఒక్కతే ముందుకెళ్లలేదు. రాష్ట్రపతి రెండు సభల్నీ కలిపి కూర్చోబెట్టాలి. అలా ఉమ్మడిగా కూర్చుని బిల్లులు ఆమోదించింది ఇప్పటికి మూడుసార్లే. 1961లో వరకట్న నిషేధ బిల్లు, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లు, 2002లో ఉగ్రవాద నిరోధక బిల్లు పోటా. రాష్ట్రాల్లో ఆ ఏర్పాటు లేనే లేదు. రాజ్యాంగ సవరణకైతే ఢిల్లీలోనూ లేదు, రెండు సభలూ విడివిడిగా ఒప్పుకుని తీరాల్సిందే.

మళ్లీ మా బిల్లు దగ్గరికి వస్తాను. 2020 మార్చి 12న కొత్తగా మళ్లీ లోక్‌సభలో పెట్టారు. కొద్ది రోజులకే లాక్‌డౌన్. సెప్టెంబరు 23న చర్చకి వచ్చింది. కోవిడ్ వల్ల సభ్యులు రెండు సభల హాళ్లలోనూ, గ్యాలరీల్లోనూ దూరదూరంగా కూర్చున్నారు. టీవీ ముందు నేనూ, మా వీధిలో ఉండే బాబాయ్. బాబాయ్ అంటే మా నాన్నతో కలిసి పనిచేసిన కలాసీ, ఎనభై దాటాయి. ముక్కుకి తువ్వాలు కట్టుకుని గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకున్నారు.

"ఏటి పాపా, మన పెన్సనుకి ఏటీ అవదు గదా?" చర్చ జరుగుతున్నంతసేపూ ఆయనది ఒకటే ప్రశ్న. ఉద్యోగుల జీతాలకీ, పింఛన్లకీ రక్షణ ఉందని చెప్పాను. రేవులు ప్రైవేటుకి పోతాయేమోనని కార్మిక సంఘాలకి భయం ఉండేది, అది ప్రైవేటీకరణ కాదని ప్రభుత్వం చెప్పేది. ఆ వాదన నా చేతిలో తేలేది కాదు. నేను చూస్తున్నది ఆ ఒక్క క్లాజు కోసం.

చర్చ అయిపోయాక క్లాజుల వారీ ఓటింగ్ వస్తుంది. నాకు చాలా ఇష్టమైన ఘట్టం అది. సభాపతి స్థానంలో ఉన్నవారు గబగబా చదువుకుంటూ పోతారు, ఈ క్లాజు బిల్లులో భాగం కావాలన్న వాళ్లు "ఆయ్" అనండి, వద్దన్న వాళ్లు "నో" అనండి అని. అలా చివరిదాకా వెళ్లి, మొదటి క్లాజుని అన్నిటికంటే ఆఖర్న తీసుకుంటారు. బిల్లు పేరుండేది అందులోనే. బిడ్డ పుట్టాకే కదా బారసాల. ఒళ్లంతా తయారయ్యాక పేరు పెడతారు. అదయ్యాక మొత్తం బిల్లుని ఆమోదించాలన్న తీర్మానం, అదే మూడో పఠనం. ఆ సాయంత్రం లోక్‌సభలో పాసైంది.

బాబాయ్ లేచి నిలబడి, "అయిపోనాదా?" అన్నారు. సగమే అయిందని చెప్పాను.

మిగతా సగానికి నాలుగున్నర నెలలు పట్టింది. 2021 ఫిబ్రవరి 10న రాజ్యసభలో అనుకూలంగా 84, వ్యతిరేకంగా 44 ఓట్లు వచ్చాయి. 17న రాష్ట్రపతి కోవింద్ గారు ఆమోదించారు. గెజిట్‌లో అది 2021 సంవత్సరపు 1వ నంబరు చట్టంగా వచ్చింది. మా మేనల్లుడు ప్రింటు తీసి ఇచ్చాడు. మొదటి పేజీలోనే నా కన్ను ఒక అంకె దగ్గర ఆగింది. లోక్‌సభ పాస్ చేసిన బిల్లు పేరులో 2020 ఉండేది, చట్టం పేరులో 2021 ఉంది. రెండు సభల మధ్య ఆ బిల్లు గడిపిన చలికాలమంతా ఆ చివరి అంకెలో ఉంది. తర్వాత నాలుగో సెక్షన్ వెతికాను. రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే, రక్షణ, కస్టమ్స్ నుంచి ఒక్కొక్కరు, స్వతంత్ర సభ్యులు ఇద్దరి నుంచి నలుగురు, ఇంకా కిందికి వస్తే ఉద్యోగుల ప్రయోజనాల తరఫున, "టూ మెంబర్స్".

గెజిట్‌లో వచ్చినా చట్టం ఆ రోజు నుంచే అమలు కాలేదు. ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చిన రోజు నుంచి అమలు అని అందులోనే రాసి ఉంది. ఆ రోజు 2021 నవంబరు 3, దీపావళికి ముందు రోజు. వీధిలో పిల్లలు అప్పటికే టపాసులు మొదలెట్టేశారు. బాబాయ్ కర్ర ఊతంతో మెల్లగా వచ్చి, "ఇయాల్టితో అయిపోనట్టేనా పాపా?" అన్నారు.

"ఈ రోజుతో అయిపోయినట్టే బాబాయ్."

"మనోళ్లు ఇద్దరుంటారని రాసినారా?"

"రాశారు."

కాసేపు ఆలోచించారు. ఆయన చదువుకోలేదు గానీ, వడ్డీకి డబ్బు తెచ్చి నోట్లు రాసిచ్చిన మనిషి. "అంకె ఏసినారా, అచ్చరాల్లో రాసినారా?"

లోపలికెళ్లి ఆ ప్రింటు తెచ్చాను. నాలుగో సెక్షన్ ఉన్న పేజీ తీసి, ఆయన చూపుడువేలు పట్టుకుని ఆ మాట మీద పెట్టాను. "అక్షరాల్లోనే బాబాయ్. ఇదిగో, ఇక్కడ."

ఆయన వేలు తీయలేదు. ఒక్కో అక్షరం మీదా మెల్లగా జరుపుకుంటూ, "మూడచ్చరాలున్నాయి" అన్నారు.